ఓడినామె కలపాలి

పేక కట్ట కొనడానికి మైలాపూరు నుంచి జార్జి టౌన్ దాకా బస్సెక్కి వెళ్ళానంటే మా అమ్మాయి నమ్మలేదు. “ఫోన్‌లో ఆర్డర్ పెడితే రేపటికి ఇంటికే వస్తాది కదమ్మా” అంది. ఫోన్‌లో ముక్క మీది బొమ్మ కనిపిస్తుంది. ముక్క వంగుతుందా, వంగింది మళ్ళీ లేస్తుందా, లేచి చేతిలో నిలబడుతుందా అన్నది ఫోను చెప్పదు. నాకు కావలసింది అదే. ఎందుకు కావాలో మాత్రం అమ్మాయికి చెప్పలేదు. కన్నకూతురి దగ్గర కూడా చెప్పుకోలేనంత సిగ్గు అప్పటికే పట్టుకుంది.

సంగతంతా నా వేళ్ళది. పోయిన వానాకాలంలో మా వీధి వీధంతా మంచమెక్కించిన జ్వరం నాకూ వచ్చింది. అది పోతూ పోతూ కీళ్ళ నొప్పులను నా దగ్గర వదిలేసి పోయింది. పొద్దున లేచేసరికి వేళ్ళు బిగుసుకుని ఉంటాయి. వేడినీళ్ళలో ముంచి, నూనె రాసి, బతిమాలితే మధ్యాహ్నానికి కాఫీ గ్లాసు పట్టుకుంటాయి, బెండకాయలు తరుగుతాయి. పేక ముక్కల దగ్గరకు వచ్చేసరికి మొరాయిస్తాయి. గ్లాసు ఒకటే, ముక్కలు పదమూడు. ఒక్కోదాన్ని ఒక్కో వేలు కనిపెట్టుకుని ఉండాలి.

మేం ముగ్గురం తోడికోడళ్ళం. నేను నడిపిదాన్ని. పెద్దామెను నేను అక్కా అంటాను. చిన్నది ఆమెను పెద్దక్కా అనీ, నన్ను నడిపక్కా అనీ పిలుస్తుంది. దానికీ మనవలు పుట్టారు, అయినా మా ఇద్దరికీ అది చిన్నదే. మా అత్తగారివాళ్ళు ఈ ఊరికి ఎప్పుడొచ్చారో వాళ్ళకే తెలియదు, అన్ని తరాలయింది. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం.

రమ్మీ నేర్పింది మా అత్తగారే. మగవాళ్ళు పనులకు వెళ్ళాక, మధ్యాహ్నం అంట్ల పని తెమిలాక, చాప పరిచి కోడళ్ళను కూర్చోబెట్టేది. పందెం లేదు. పందెం ఉంటే అది జూదమనీ, లేకపోతే కాలక్షేపమనీ ఆమె తీర్పు. పందెం బదులు ఒక చట్టం పెట్టింది. ఓడినామె కలపాలి. ఎవరి చేతిలో కుదరని ముక్కల లెక్క, అంటే కౌంటు, ఎక్కువ మిగిలితే వాళ్ళు రెండు కట్టలూ పోగుచేసి, కలిపి, పంచాలి. మిగతా ఇద్దరూ కాళ్ళు చాపుకుని కబుర్లు చెప్పుకుంటారు. “ఓడిన చేతికి పని ఇస్తే ఏడుపు రాదు” అనేది.

ఆమె పోయింది, చట్టం ఉంది. ఇప్పుడు శనివారం మధ్యాహ్నాలు మైలాపూరులో అక్క ఫ్లాట్‌లో ఆడతాం. నాది పక్క వీధే. చిన్నది మాధవరం నుంచి రెండు బస్సులు మారి వస్తుంది. మోకాళ్ళ పుణ్యమా అని చాప పోయి భోజనాల బల్ల వచ్చింది.

ముక్కలు కలపడంలో నాకు పేరుండేది. చెప్పుకుంటే గొప్పలనుకుంటారు గానీ నిజంగానే ఉండేది. రెండు చేతుల్లో రెండు సగాలు పట్టి, బొటనవేళ్ళతో అంచులు వదులుతూ ఒకదానిలోకి ఒకటి దూర్చి, విల్లులా వంచి వదిలితే బరబరమని ఒక్క చప్పుడు. ఆ చప్పుడుకు పక్క గదిలో పిల్లలు పరిగెత్తుకొచ్చేవాళ్ళు. చిన్నది కొత్తకోడలిగా వచ్చినప్పుడు ముక్కలను చాప మీద పరిచి రెండు అరచేతులతో కలియబెట్టేది. “ఏమే, పేక కలపతా ఉండావా, పిండి పిసకతా ఉండావా?” అని నేనంటే అత్తగారు కూడా నవ్వేది. చిన్నది ఆ తర్వాత నా పద్ధతి నేర్చుకోవడానికి చాలా తంటాలు పడింది, రాలేదు.

జ్వరం తర్వాత మొదటిసారి ఓడి, అలవాటుగా కట్టను వంచబోయాను. వేలు వంగలేదు. ముక్కలన్నీ నా ఒళ్ళో, కుర్చీ కింద, బల్ల కింద. చిన్నది ఒక చేత్తో మోకాలు పట్టుకుని, వంగి, ఒక్కొక్కటే ఏరి ఇచ్చింది. నేను కుర్చీలోనే కూర్చుని ఉన్నాను. చెవులు వేడెక్కాయి. నోరు మాత్రం ఊరుకోలేదు.

“ఈ ముక్కలు మెత్తబడి పోయినాయక్కా. గాలి తగిలిన అప్పళం మాదిరి ఉండాయి” అన్నాను.

నిజానికి ముక్కలు పాతవే, కానీ జ్వరం రావడానికి ముందు వారం దాకా వాటితోనే చప్పుడు చేశాను. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. ఆ సామెత నా మనసులోనే మోగింది, అయినా వాళ్ళకూ వినపడిందేమోనని భయపడ్డాను. అందుకే జార్జి టౌన్ ప్రయాణం. అన్నందుకైనా కొత్త మద్దెల తేవాలి కదా.

ఆ సందులో పెళ్ళిపత్రికల కాగితం, బెలూన్లు, పేక కట్టలు అన్నీ ఒకే దుకాణంలో అమ్ముతారు. తోపుడుబండ్లను తప్పించుకుని లోపలికి వెళ్ళేసరికి ఒళ్ళంతా చెమట. గల్లా దగ్గరున్నతను ఈ మధ్యనే గుంటూరు వైపు నుంచి వచ్చినట్టున్నాడు. నేను అరవంలో మొదలుపెడితే రెండో మాటకే అతను తడబడ్డాడు.

“తెలుగోళ్ళాండీ అమ్మగారూ?”

“అవునప్పా. మంచి తడి ముక్కలు కావాల. బొమ్మ ఎట్లున్నా సరి, తడే ముఖ్యం.”

“తడికా అండీ? ఉన్నాయండి. ఎంత తడైనా భయం లేదు.”

“ఎంత తడైతే అంత మేలు.”

అతను నన్ను ఒకసారి పరీక్షగా చూశాడు. “ఇంట్లో చంటిపిల్లలున్నారాండీ?”

“పిల్లలెవురూ లేరప్పా. ముగ్గురం ముసిలోళ్ళమే.”

పాపం, అతని మొహంలో ఎంత జాలి కనబడిందో! రెండు కట్టలు కాగితంలో చుట్టి, చేతికివ్వకుండా నా సంచిలో తనే జాగ్రత్తగా పెట్టాడు. మర్యాద తెలిసినవాడు అనుకుంటూ వచ్చేశాను.

ఇక్కడొక సంగతి చెప్పాలి. అరవంలో తడి అంటే మందం. తరతరాలుగా ఇక్కడే ఉన్న మా నోళ్ళలో అది తెలుగు మాటే అయి కూర్చుంది. మా ఇంట్లో దుప్పటి తడిగా ఉందంటే మందంగా ఉందో, తడిసిందో పట్టి చూసుకోవలసిందే. ఆ గుంటూరు మనిషికి ఈ గొడవ ఎలా తెలుస్తుంది? శనివారం బల్ల మీద కట్ట విప్పితే చిన్నది డబ్బా మీద రాసింది చదివి కిసుక్కున నవ్వింది.

“నడిపక్కా, వీటిని నీళ్ళల్లో ఏసి కడుక్కోవచ్చంట!”

ప్లాస్టిక్ ముక్కలు. తడికి తట్టుకునేవి. ముగ్గురు ముసలివాళ్ళు బల్ల మీద ఏమేం ఒలకబోసుకుంటారని అతననుకున్నాడో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. పోనీ ఆడదామని పంచబోతే అవి ఒకదాని మీద ఒకటి చేపపిల్లల్లా జారాయి. నా వేళ్ళ మధ్య ఒక్కటి నిలిస్తే ఒట్టు. మళ్ళీ అన్నీ నేలపాలు. మళ్ళీ చిన్నది మోకాలు పట్టుకుని వంగింది.

“నేను కలపతా, ఇట్లియ్యి” అంది అక్క, చాలా మెల్లగా.

అది సాయమే. నాకు మాత్రం చెంపదెబ్బలా తగిలింది. “నా చేతులు ఇంకా పడిపోలా” అన్నాను. ఆ దుకాణంవాడిని తిట్టాను, ప్లాస్టిక్‌ను తిట్టాను, ఈ ఊరి వానలను తిట్టాను. కలిపిన కాఫీ కూడా తాగకుండా చెప్పులేసుకుని వచ్చేశాను. నా కోపం వాళ్ళకు కొత్త కాదు.

ఈసారి ఇంకో దుకాణానికి వెళ్ళాను. మొదటి దుకాణం ముందు నుంచి తల దించుకుని నడిచాను. చెప్పవలసిన మాటలు బస్సులోనే కూడబలుక్కున్నాను: మందం, గట్టి. విప్పి ఉన్న నమూనా కట్టలు అడిగి, ఒక్కో ముక్కను బొటనవేలికీ నడిమి వేలికీ మధ్య పెట్టి వంచి చూశాను. మందం వేరు, బిగువు వేరు అని ఆ రోజే తెలిసింది. కొన్ని చూడడానికి అట్టల్లా ఉంటాయి, వంచితే తెల్లని గీత పడి అలాగే ఉండిపోతాయి. కొన్ని పల్చగా ఉన్నా టప్పుమని లేస్తాయి. మరీ మందమైతే ఇంకో చిక్కు, రెండు కట్టలు కలిపితే ఇటుకంత అవుతుంది, నా అరచేతిలో ఇమడదు. మూల పట్టుకుని ఊపితే కొస వేలాడకూడదు. వీపు మీద కాస్త గరుకుండాలి, జారకూడదు. బిగుసుకున్న వేళ్ళకు బిగువున్న ముక్కలు వెతుక్కుంటున్నానని నాలో నేనే నవ్వుకున్నాను. చివరికి ఒక నీలిరంగు కట్ట దొరికింది. మధ్యరకం మందం, బిగువు మాత్రం గొప్పగా ఉంది. అలాంటివి రెండు తీసుకున్నాను.

వాటితో నా దశ తిరిగింది. పదమూడు ముక్కలూ విసనకర్రలా విప్పితే కదలకుండా నిలబడేవి. అంతకన్నా గొప్ప సంగతి, నేను గెలవడం మొదలుపెట్టాను. గెలవకపోతే రెండోస్థానం. ఓడేది ఎప్పుడూ అక్కో, చిన్నదో. వాళ్ళే పోగుచేసేవాళ్ళు, వాళ్ళే కలిపేవాళ్ళు. వారాలు గడిచినా కట్ట కలిపే పని నా దాకా రాలేదు. నేను కాళ్ళు చాపుకుని, కాఫీ తాగుతూ, ఉపన్యాసం ఇచ్చేదాన్ని.

“ముక్క కుదిరితే ఆట కుదరతాది అని నేను చెప్పలా? మీరిద్దురూ ముసిలోళ్ళయిపోయినారు. ఆట మర్చిపోయినారు. చిన్నదానా, రెండు బస్సులు ఎక్కొచ్చి నువ్వు చేసేది ఇదేనా?”

చిన్నది నవ్వేది. “ఏం చేసేది నడిపక్కా, నాకు రాసి పెట్టింది ఇంతే” అని ముక్కలను కలియబెట్టుకునేది. ఈ మాటలు రాస్తుంటే చేయి ఆగుతోంది. అన్నది నేనే, ఎవరి మీద పెట్టను?

ఆ శనివారం కూడా ముందుగా ముక్కలన్నీ కుదిర్చి నేనే షో పెట్టాను. అక్కకు కొద్ది కౌంటే మిగిలింది. చిన్నది తన ముక్కలు మూసి, బోర్లించి, “నాకు లైఫే పడలా నడిపక్కా. ఫుల్ కౌంటు” అంది. లైఫ్ అంటే జోకరు లేకుండా ఒకే రంగులో వరసగా పడ్డ ముక్కలు. అది లేనివాళ్ళు కౌంటు చూపించనక్కర్లేదు, ఫుల్ రాసుకుంటాం. అంతలో పూలామె వాకిట్లో కేక వేసింది. చిన్నది లేచి వెళ్ళింది. అక్క అప్పటికే పాలు పొయ్యి మీద పెట్టడానికి వంటింట్లోకి పోయింది.

కొత్త ముక్కల మోజు నాకింకా తీరలేదు. పోగుచేయడం నా పని కాకపోయినా ఊరికే వాటిని ముట్టుకుందామని చిన్నదాని ముక్కల మీద చేయి వేశాను. పాత ముక్కలైతే కుప్పలో కుప్పగా కలిసిపోయి ఉండేవి. ఇవి బిగువైనవి కదా, పెట్టినవి పెట్టినట్టే ఒక దిమ్మలా ఉన్నాయి. ఎత్తి విప్పాను. ఇస్పేటు నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఆఠీను తొమ్మిది, పది, జాకీ. మూడు రాణులు. మూడు రెళ్ళు. ఒక్క ముక్క కూడా మిగలకుండా ఆట అయిపోయి ఉంది. నాకంటే ముందే షో పెట్టవలసిన మనిషి లైఫే లేదంది.

మొదట అర్థం కాలేదు. చూసుకోలేదేమో అనుకున్నాను. ఎంత చూసుకోకపోయినా నాలుగు ఇస్పేటు ముక్కలు వరసలో వాటంతటవే వచ్చి నిలబడవు, ఎవరో సర్దితేనే నిలబడతాయి. అప్పుడు వెలిగింది. ఓడినామె కలపాలి. నేను కలపకూడదంటే నేను ఓడకూడదు. అది రెండు బస్సులు మారి వస్తున్నది ఓడడానికే.

ముక్కలను మళ్ళీ బోర్లించేశాను. ఇన్ని వారాలుగా నేను గెలిచిన ఆటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, ఒక్కొక్కదాని తర్వాత నేనన్న మాటలతో సహా. బల్ల కిందకు దూరిపోదామనిపించింది. చిన్నపిల్లలతో ఆడేటప్పుడు అమ్మమ్మలు ఇలాగే ఓడతారు. నేనూ నా మనవడితో అలాగే ఆడతాను, వాడు ఎగిరి గంతేస్తే చూసి ముచ్చటపడతాను. వీళ్ళిద్దరూ ఇన్నాళ్ళూ నన్ను చూసింది అలాగేనా?

చిన్నది మల్లెపూలతో వచ్చింది, అక్క కాఫీతో వచ్చింది. చిన్నది కలిపి పంచింది. ఈసారి ఓడి తీరాలని నేను నిశ్చయించుకున్నాను.

దేవుడికి కూడా వేళాకోళమే. పంచిన ముక్కల్లోనే లైఫ్ ఉంది, పైగా జోకరు. లైఫ్‌ను విరిచి పడేశాను. అక్క రాజును పడేసింది, దాని జత రాజునూ పడేసింది. చిన్నది నాకు కావలసిన ముక్కలే వెతికి వెతికి వేస్తోంది, నేను వాటిని ముట్టుకోకుండా, బోర్లించి పెట్టిన మూత కట్టలోంచి తీసుకుంటున్నాను. ముగ్గురు మనుషులు, ముగ్గురూ ఓడడానికే కూర్చున్నారు. ఆట సాగుతూనే ఉంది. కాఫీ చల్లారిపోయింది. చివరికి నేను జోకరును తీసి పడేశాను.

చిన్నది నోరు తెరిచింది. “జోకరు పడేసినావే నడిపక్కా!”

అప్పటికి మూత కట్టలో ముక్కలు కూడా అయిపోయాయి.

“నీ ముక్కలు చూసినా” అన్నాను. “నువ్వు పూలకు పోయినప్పుడు.”

చిన్నది తల దించుకుంది, తప్పు చేసింది తనే అయినట్టు. అక్క తన ముక్కలు బల్ల మీద పెట్టింది.

“దాన్నేం అనొద్దు. నేనే చెప్పినా” అంది. “నీ చేతులకు మేము జాలిపడితే నువ్వు మొగం మాడ్చుకుని చెప్పులేసుకుంటావు. మేము ఓడిపోతే నవ్వతావు. నువ్వు ఈడికి రాకుండా పోయేదానికంటే ఓడిపోయేదే మేలని అనుకున్నాము.”

వేళ్ళు వంగనందుకు ఇన్నాళ్ళూ సిగ్గుపడ్డాను. అదేం సిగ్గు! నా దగ్గర ఒక మంచిమాట చెప్పాలన్నా అబద్ధంలో చుట్టి ఇవ్వాలని నాతో నలభై ఏళ్ళు కాపురం చేసినవాళ్ళకు తెలుసు. ఆ సిగ్గుకు వేడినీళ్ళు లేవు, నూనె లేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే మళ్ళీ జాలిపడతారని మింగేశాను.

“ఓడింది నేను” అన్నాను. “లైఫ్ లేదు. ఫుల్.”

“చూపించు” అంది అక్క.

చూపించాను. నమ్మకం లేనిదానిలా ఒక్కో ముక్కా వేలితో కదిపి చూసింది. తర్వాత రెండు కట్టలూ నా ముందుకు నెట్టింది.

“సరి. కలుపు.”

నేను వాటిని వంచబోలేదు. బల్ల మీద బోర్లా పరిచి, రెండు అరచేతులూ పెట్టి కలియబెట్టాను, చిన్నది కొత్తకోడలిగా చేసినట్టు, నేను వెక్కిరించినట్టు. ఎంతసేపో పట్టింది. ఒక ముక్క జారి కింద పడింది. చిన్నది అలవాటుగా వంగబోతే అక్క దాని చేయి పట్టుకుంది. “ఉండనీ. అదే తీసుకుంటాది.”

కుర్చీ దిగి, నేల మీద కూర్చున్నాను. నున్నటి నేల మీద పడ్డ ముక్కను గోళ్ళతో లేపడం నా వల్ల కాదు. ఒక అంచును నొక్కాను. బిగువైన ముక్క కదా, రెండో అంచు లేచింది. పట్టుకున్నాను. పైకి లేచి, పంచాను. ఒక్కొక్కటీ పంచుతున్నంతసేపూ వాళ్ళిద్దరూ ఫోన్లు చూసుకోలేదు, కబుర్లూ చెప్పుకోలేదు.

ఆ ఆట ఎంతోసేపు జరగలేదు. నా చేతిలో రెండు ముక్కలైనా కుదరకముందే చిన్నది బల్ల మీద చరిచి “షో!” అంది. పదమూడూ పరిచింది. అక్క తన కౌంటు చెప్పింది. నాది మళ్ళీ ఫుల్, ఈసారి నిజంగా.

చిన్నది నన్ను చూసింది. ఒక్క క్షణం దాని మొహంలో పాత భయం కనబడింది. తర్వాత ముక్కలన్నీ పోగుచేసి నా వైపు తోసింది.

“కలుపు నడిపక్కా” అంది.

నాకు తలెత్తి దాని మొహం చూడడానికి మొహం చెల్లలేదు. ముక్కలను పరుచుకున్నాను.